దాత చెప్పిన నిజము

రక్తదానము చేసినవాడు కొంతసేపు విశ్రమించి, ఒక కప్పు టీ త్రాగి తన దారిని తాను పోవును. అంతటితో తన పని ముగిసినదనుకొనును. ఆ రక్తము రోగి శరీరమును చేరులోపల ఏమేమి జరుగునో శ్రోతలకు తెలుపవలెనని ఇటీవల మేమొక రక్తనిధి కేంద్రమునకు పోయి చూచి వచ్చితిమి.

మనుష్యుల రక్తమునందు వర్గములు కలవని 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ వెల్లడించెను. కాని వర్గము కుదిరినంత మాత్రమున రక్తము మంచిదని చెప్పరాదు. కంటికి కానరాని రోగక్రిములు అందు దాగియుండవచ్చును. అందువలన దానముగా వచ్చిన ప్రతి సంచికిని ఐదు వ్యాధుల పరీక్ష జరిగి తీరవలెనని మన దేశమున నియమము కలదు. అవి హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సవాయి, మలేరియా. దాతనుండి సంచితోపాటు చిన్న గొట్టములలో తీసిన రక్తముపై ఈ పరీక్షలు జరుపుదురు. ఫలితము వచ్చువరకు సంచిని వేరుగా నుంచెదరు. దోషము కనబడినచో దానిని ఎవరికిని ఎక్కింపక నాశనము చేయుదురు.

ఈ రక్షణ ఒక్కనాడు లభించినది కాదు. హెచ్.ఐ.వి. పరీక్ష 1985లో గాని రాలేదు. హెపటైటిస్ సి వైరసును 1989లో గాని గుర్తింపలేదు. అంతకు పూర్వము రక్తమెక్కించుకొని ప్రాణము దక్కించుకొన్నవారిలో ఎందరో ఆ రక్తముతోనే వ్యాధిని తెచ్చుకొనిరి. మన దేశమున డబ్బుకు రక్తమమ్ముకొను వాడుకయు నుండెను. పేదవాడు పస్తుండలేక రోగమును దాచి రక్తమమ్మెడివాడు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, 1998నుండి ఆ వ్యాపారము నిషేధింపబడినది.

ఇన్ని పరీక్షలుండగా భయమేల యని శ్రోతలు అడుగవచ్చును. క్రిమి శరీరమున ప్రవేశించిన వెంటనే పరీక్షకు చిక్కదు. ప్రతిరక్షకములను బట్టి చేయు పరీక్షలో హెచ్.ఐ.వి. కనబడుటకు సుమారు మూడు వారములు పట్టును. వైరసునే నేరుగా వెదకు ‘నాట్’ పరీక్ష ఈ వ్యవధిని పది పదకొండు దినములకు తగ్గించును గాని, పూర్తిగా తొలగింపదు. దీనినే వైద్యులు ‘విండో పీరియడ్’ అందురు. ఆ దినములలో యంత్రము చూడలేని దానిని దాత ఒక్కడే చెప్పగలడు.

అందుకే రక్తము తీయుటకు ముందు ప్రశ్నలడుగుదురు. కామెర్లు వచ్చినవా? ఈ మధ్య పచ్చబొట్టు పొడిపించుకొంటిరా? రోగము సోకదగిన నడవడి ఏమైన కలదా?

మేము చూచిన దినమున ఇరువదియేండ్ల యువకుడొకడు మిత్రులతో కూడ వచ్చెను. అన్ని ప్రశ్నలకును ‘లేదు’ అని వ్రాసి, మంచమెక్కబోవుచు ఆగి, వెనుకకు వచ్చి డాక్టరుగారితో మెల్లగా ఏదియో చెప్పెను. ఆమె వానిని లోపలి గదిలో కూర్చుండబెట్టి మాటలాడి, రక్తము తీయకయే పంపివేసెను. అతడేమి చెప్పెనో మేమడుగలేదు, ఆమెయు చెప్పలేదు. బయట మిత్రులు “ఏమిరా?” యన, “ఇప్పుడు వద్దన్నారు” అని మాత్రమనెను. పదిమందిలో ఆ మాట చెప్పుట వానికెంత కష్టమో ముఖమే తెలుపుచుండెను.

తలసీమియాతో పుట్టిన బిడ్డకు మూడు నాలుగు వారములకొకమారు, జీవితమంతయు రక్తమెక్కింపవలసియుండును. ఏటేట పదుల కొలది అపరిచితుల రక్తము ఆ పసి శరీరమున చేరును. వారి ముఖములు కన్నతల్లి యెరుగదు. వారి మాటను నమ్ముటకంటె ఆమెకు గత్యంతరము లేదు.

తమకు రోగము కలదో లేదో తెలిసికొనుటకే రక్తమిచ్చువారును కొందరున్నారు. ఇది తగదు. ప్రభుత్వ కేంద్రములలో హెచ్.ఐ.వి. పరీక్షను ఉచితముగను, రహస్యముగను చేయుదురు. అనుమానమున్నవారు అచ్చటికి పోవలెను. ఆరోగ్యవంతులందరు రక్తదానము చేయవలెననియే మా కోరిక. అయితే సూదికి చేయి చాచుటకు ముందు, ఆ కాగితముమీది ప్రశ్నలకు నిజమైన సమాధానము వ్రాయుడు.