సొత్తేదో చెత్తేదో

(రాయపూర్, మోవాలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"సుబేదార్ సాబ్, సాయంత్రాలు మీరు మోవాలో ఓ కర్ర పట్టుకుని నేలని ఊడుస్తున్నట్టు తిరుగుతారట, అదేంటో ఓ పావుగంట చెప్పండి" అన్నారు మన కార్యదర్శిగారు. నేను ఇంటర్మీడియట్ వరకే చదివినవాణ్ణి. ఉపన్యాసాలు రావు. చేసిన పని మాత్రం చెప్పగలను.

ఆ కర్ర మెటల్ డిటెక్టరు. 2016లో రిటైరయ్యాక మా అబ్బాయి కొనిచ్చాడు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న మిషను. నాకు నవ్వొచ్చింది. మద్రాస్ సాపర్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు చేసినవాడికి డిటెక్టరు నేర్పేదేముంటుంది అనుకున్నాను. ఉందని తర్వాత తెలిసింది.

ముందు అది ఎలా పని చేస్తుందో చెబుతాను. కింద గుండ్రంగా ఉండే పళ్ళెంలో రాగితీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలో కరెంటు మారుతూ ఉంటే దాని అయస్కాంత ప్రభావం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఏదైనా ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. ఆ జవాబుని రెండో చుట్ట వింటుంది. జవాబు వచ్చిన తీరునిబట్టి మిషను ఓ అంకె చూపించి కూత వేస్తుంది. ఇనుముకి చిన్న అంకె, రాగికీ వెండికీ పెద్ద అంకె. అంతే. కింద ఉన్నది బంగారమా, పనికిరాని రేకా అని ఏ మిషనూ చెప్పదు. అది మనం తేల్చుకోవాల్సిన సంగతి.

ఈ చిక్కు మొదటినుంచీ ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని ఒకడు కాల్చాడు. ఒంట్లో తూటా ఎక్కడుందో డాక్టర్లకి దొరకలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే చేసి తెచ్చాడు. పరుపు కింద ఉన్న ఇనప స్ప్రింగుల వల్ల అది తికమకపడింది. తూటా దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, కొసాట్స్కీ అనే పోలండ్ లెఫ్టినెంటు సైనికుడు చేత్తో మోసుకెళ్ళే మైన్ డిటెక్టరు తయారుచేశాడు. 1942లో ఎల్ అలమెయిన్ దగ్గర మైన్‌ఫీల్డుల్లో దారి చేయడానికి అది పనికొచ్చింది. మన 4వ భారత డివిజను కూడా ఆ యుద్ధంలో ఉంది.

ఇక నా సంగతి. ఆపరేషన్ పరాక్రమ్ అయిపోయాక రాజస్థాన్ సరిహద్దులో పెట్టిన మైన్లు తీసే పని మా సాపర్లకి పడింది. అప్పుడు నేను నాయక్‌ని. మనుషుల కోసం పెట్టే మైన్లలో లోహం చాలా తక్కువ ఉంటుంది. 1996లో సవరించిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం అలాంటి మైను కనీసం 8 గ్రాముల ఇనుముకి సమానమైన కూత ఇవ్వాలి. 8 గ్రాములంటే మన లెక్కలో ఒక కాసు ఎత్తు. ఆ కాసెత్తు కూత కోసం చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని ఎండలో అడుగడుగూ వెతకాలి.

ఓ రోజు పొద్దుటినుంచి నలభైకి పైగా కూతలు వచ్చాయి. ప్రతిసారీ బోర్లా పడుకుని, ప్రాడర్‌ని ఏటవాలుగా ఇసుకలోకి దించి, చేత్తో ఇసుక తీసి చూడటమే. అన్నీ చెత్తే. ముళ్ళతీగ ముక్కలు, డబ్బా మూతలు, షెల్లు పెంకులు. మధ్యాహ్నం పన్నెండుకి ఓ సన్నటి కూత వచ్చింది. ఇదీ తీగముక్కే అనుకుని మిషను ముందుకి జరిపాను. వెనకనుంచి మా హవల్దారు "తంబీ, ఆగు" అన్నాడు. నన్ను పక్కకి జరిపి తనే పడుకుని ప్రాడర్ పెట్టాడు. ఇసుక తీస్తే మైను అంచు కనబడింది.

నా వెనక ఆ దారిలో నడవాల్సినవాళ్ళు ఐదుగురు. ఆయన తిట్టలేదు, పైకి రిపోర్టూ చేయలేదు. తన నీళ్ళ బాటిల్ నా చేతికిచ్చి, "మిషను చెప్పింది. నువ్వే వినలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇంత జరిగినా, మోవాలో మళ్ళీ అదే తప్పు చేశాను. మా వీధి చివర ఖాళీ స్థలం ఉంది. వినాయకుడి పందిరి, పెళ్ళి టెంట్లు అన్నీ అక్కడే వేస్తారు. పొరుగింటి కుర్రాడు క్రికెట్ ఆడుతూ నిశ్చితార్థం ఉంగరం పోగొట్టుకున్నాడు. వాళ్ళమ్మ వచ్చి "భయ్యా, పెళ్ళి పదిరోజులే ఉంది, వియ్యాలవారికి ఏమని చెప్పం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మిషనులో చెత్తని వదిలేసే మీట నొక్కాను. మేకులు వద్దు, రేకులు వద్దు అన్నాను. రెండు సాయంత్రాలు తిరిగినా ఏమీ దొరకలేదు.

మూడోరోజు హవల్దారు గుర్తొచ్చాడు. మీట తీసేశాను. మైన్‌ఫీల్డులో చేసినట్టే తాళ్ళు కట్టి స్థలాన్ని పట్టీలుగా విడదీశాను. కూసిన ప్రతిదీ తవ్వాను. టెంటు మేకులు, సీసా మూతలు, మందుబిళ్ళల రేకులు, పాత అల్యూమినియం పైసలు, మొత్తం అరవైమూడు వస్తువులు. అరవైనాలుగోది ఉంగరం. అది ఇచ్చిన అంకె, మందుబిళ్ళల రేకు ఇచ్చిన అంకె దాదాపు ఒకటే! సన్నటి బంగారు ఉంగరం, నలిగిన రేకు మిషనుకి ఒకేలా వినబడతాయి. రేకుని వద్దన్నవాడు బంగారాన్ని కూడా వద్దన్నట్టే.

మన నాణేలదీ ఇదే కథ. 1988 నుంచి చిన్న పైసలు, 1992 నుంచి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలులో వచ్చాయి. ఇనుముని వదిలేయమంటే మిషను చాలాసార్లు రూపాయిని కూడా వదిలేస్తుంది. ఇక్కడి నేల సంగతి కూడా చూసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో భాఠా అనే ఎర్రనేల ఉంది కదా, దాంట్లో ఇనుము ఎక్కువ. మిషనుని ముందు ఆ నేలకి సరిచేసుకోకపోతే ఏమీ లేనిచోట కూడా కూస్తుంది. చిన్న మిషనుకి నాణెం జానెడు లోతు దాటితే అందటం కష్టం. కాబట్టి ఇరవై అడుగుల లోతున లంకెబిందెలు చూపిస్తానని ఎవరైనా ఇలాంటి మిషను పట్టుకొస్తే నమ్మకండి.

లంకెబిందెలంటే ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది కర్నూలు జిల్లా. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని అధికారులే తవ్వకాలు మొదలుపెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. చివరికి నిధి దొరకలేదు. కానీ ఆ రోజుల్లో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, గవర్నమెంటోళ్ళే తవ్వతాండారు. మన ఊరి పాత శివాలయం కాడ ఏముందో నువ్వా మిషను తెచ్చుకోని రా. రాత్రికి రాత్రి చూసుకుందాం" అన్నాడు. వాడు అప్పుల్లో ఉన్నాడని నాకు తెలుసు. డబ్బు కావాలంటే పంపుతాను, మిషను మాత్రం తేను అన్నాను. డబ్బు వద్దన్నాడు. ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. ఊళ్ళో తిరునాళ్ళకి నా భార్య ఒక్కతే వెళ్ళొస్తోంది. ఆ ఏడాదే ఎవరో గుడి దగ్గర తవ్వారు. నంది పగిలింది. ఎవరికీ ఏమీ దొరకలేదని విన్నాను. తవ్వింది వాడు కాదనే నా నమ్మకం. అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.

చట్టం కూడా తెలుసుకోండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో పది రూపాయల విలువకి మించి నిధి దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం.

చెప్పినవాడికి గౌరవం దక్కుతుంది. 1992లో ఇంగ్లండులో హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒకాయన స్నేహితుడి సుత్తి పోతే డిటెక్టరుతో వెతికాడు. దాదాపు పదిహేనువేల రోమన్ నాణేలున్న నిధి బయటపడింది. ఆయన మొత్తం తవ్వకుండా ఆపి కబురు పెట్టాడు. అందుకే ఏ వస్తువు ఏ పక్క ఎలా పేర్చి ఉందో పండితులు చూడగలిగారు. ఆ సుత్తి కూడా ఇప్పుడు మ్యూజియంలోనే ఉంది! మన పక్కనే సిర్పూరులో 1939లో కంచు విగ్రహాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని రాయపూర్ మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఉన్నాయి, వెళ్ళి చూడండి. చక్కని తారాదేవి విగ్రహం ఒకటి మాత్రం చేతులు మారి అమెరికాలో లాస్ ఏంజెలెస్ చేరింది.

చివరిగా, ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి నాలుగు మాటలు. మొదటి ఆరునెలలు ఏ కూతనీ వదలకుండా తవ్వండి. దొరికిన చెత్తని ఇంటికి తెచ్చి ఏది ఏ అంకె ఇచ్చిందో పుస్తకంలో రాసుకోండి. పళ్ళెాన్ని నేలకి సమానంగా, నెమ్మదిగా తిప్పండి. ఒకే చోట అడ్డంగా, నిలువుగా రెండువైపులా వినండి. తవ్విన గుంట పూడ్చండి, పొలమైతే రైతుని అడిగాకే దిగండి. తీగలున్న డబ్బా, టిఫిన్, కుక్కరు, తోకరెక్కలున్న తుప్పు ఇనుము కనబడితే చెయ్యి పెట్టొద్దు. మనం ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో. గుర్తు పెట్టి, వెనక్కి అడుగులో అడుగేసి వచ్చి, 112కి ఫోన్ చేయండి. నేనైనా అంతే చేస్తాను.

ఆ కుర్రాడి పెళ్ళిలో నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. నేను తవ్వితీసిన అరవైమూడు చెత్తముక్కలు ఓ డబ్బాలో పోసి ఇంట్లో ఉంచుకున్నాను. పారేయమని మా ఆవిడ పోరు పెడుతోంది. ఉండనీ అంటున్నాను. నాకు పని నేర్పింది అవే.

 జై హింద్!