మామిడిపండ్లు మాగునపుడు క్రుళ్లుట – నివారణోపాయములు

(రైతుల సభయందు గావింపబడిన ఉపన్యాసము)



తోటలో నిగనిగలాడుచు బండి కెక్కిన బంగినపల్లి కాయలు మాగవేసిన కొలది దినములకే నల్లమచ్చలు దేలి క్రుళ్లుట తోటలుగల వారందఱు నెఱిగినదే. వర్తకుడు తరుగు తీయును. రైతు ఎండను, ప్రయాణమును నిందించును. కాని అసలు శత్రువు తోటనుండియే కాయతో గూడ బయలుదేరుచున్నది. అది కంటి కగపడని బూజు.

ఇట్టి బూజులలో ముఖ్యమైనది ఆంథ్రాక్నోసు అను మచ్చతెగులును గలిగించునది. ఇది ఎండుపుల్లలయందును, ఎండుటాకులయందును నిలిచియుండును. వానతుంపరలచే దీని బీజములు పూతపైని, పిందెలపైని బడి, తడి యున్నచో మొలకెత్తి, తోలులో జొచ్చి యణగియుండును. పచ్చికాయ తోలులోని కొన్ని పదార్థములు దానిని పెరుగనీయవు. కాయ పండిన కొలది ఆ పదార్థములు తగ్గగా, బూజు విజృంభించును. కావుననే కోతనాడు మచ్చలేని కాయ పండిన పిదప చెడుచున్నది. రెండవది తొడిమకుళ్లు, ఇది తొడిమ మొదట నారంభించి పండునంతటిని నల్లబఱచును. మూడవది నల్లబూజు, ఇది ముఖ్యముగ గాయములగుండ బ్రవేశించును.

రైతులు చేయవలసిన పనులు:

1. కోత ముగిసిన వెనుక ఎండుకొమ్మలను గోసి, రాలిన ఆకులతో గూడ తోటనుండి తొలగింపవలయును.

2. పూతకు ముందు బోర్డో మిశ్రమమును చల్లవలయును. 1 కిలో మైలుతుత్తమును, 1 కిలో సున్నమును వేర్వేఱుగ గరగించి, కలిపి 100 లీటర్లు చేయవలయును. ఇనుపపాత్ర పనికిరాదు. మెఱుగుపెట్టిన కత్తిని ముంచినపుడు ఎఱ్ఱని రాగిపూత పట్టినచో మఱికొంత సున్నము చేర్పవలయును.

3. కాయలను దులిపి రాల్పరాదు. చిక్కముతో, కొంత తొడిమ నిలిపి కోయవలయును. పిదప తొడిమను ద్రుంచి, కాయను తలక్రిందుగ నుంచి, సొన తోలుపై బడకుండ గార్పవలయును.

4. కోసిన నాడే కాయలను 52 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 5 మొదలు 10 నిమిషములు ముంచి, నీడలో నారబెట్టవలయును. వేడిని ఉష్ణమాపకముతోనే చూడవలయును. చేతితో నంచనా వేయరాదు. వేడి మీఱినచో తోలు కమలును. తగ్గినచో బూజు చావదు.

5. దెబ్బతగిలిన కాయలను వేఱుచేసి ముందుగ నమ్ముకొనవలయును.

వేడినీరు కాయలో నణగియున్న బూజు నణచునే గాని, పిమ్మట తగిలిన గాయమును మాన్పజాలదు. కావున నీటిలో ముంచిన కాయను సైతము గంపలో మెల్లగ నుంచుటయే రైతునకు లాభకరము.