తుప్పుకు పైపూత మందు కాదు

(సంఘ ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అందరమూ విన్నాము. ఆ వెంటనే తుప్పును గురించి మాట్లాడటానికి ఒకడు లేచాడేమిటని మీలో కొందరు నవ్వుకొంటూ వుండవచ్చు. పాత కారును ఇంటివద్దనే బాగుచేసుకొన్న అనుభవం చెప్పవలసిందని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను. ముప్ఫయి అయిదేళ్లు బాంకులో లెక్కలు వ్రాసి విశ్రాంతి పుచ్చుకొన్నవాణ్ణి. కాబట్టి ఇది పండితుని ఉపన్యాసం కాదు, చేతులు కాల్చుకొన్నవాడి మాట.

మా తాతగారు కరీంనగర్ జిల్లానుంచి నేతపనికి ఈ బొంబాయి నగరం వచ్చారు. నాన్నగారు వర్లీ ప్రాంతంలో ఒక బట్టల మిల్లులో ఫిట్టరు. ఆయన 1979లో, అప్పటికే ఒకరు వాడిన ఫియట్ 1100 డిలైట్ కారు కొన్నారు. మన కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్సు కార్ఖానాలో తయారైన బండి అది. ఆ బండే తరువాత ప్రీమియర్ ప్రెసిడెంటుగా, ఆపైన పద్మినిగా పేర్లు మార్చుకొన్నది. నలుపూ పసుపూ రంగుల టాక్సీగా ఈ నగరమంతా తిరిగింది. పద్మిని టాక్సీలకు 2023 అక్టోబరులో కాలం చెల్లింది. మా ఇంటి బండి మాత్రం ఇంకా మా దగ్గరే వున్నది.

నాన్నగారికి ఒక అలవాటు వుండేది. యే రేకునైనా వేలి కణుపుతో తట్టి చూసేవారు. మంచి రేకు ఖంగుమంటుంది. లోపల చెడితే బద్దుమంటుంది.

2008లో బండికి తలుపుల కింద రంగు బుడగలు లేచింది. ఒక కొట్టులో ఇచ్చాను. పదిరోజులలో అద్దంలాగ మెరిసిపోతూ తిరిగివచ్చింది. నాన్నగారు వంగి, తలుపు కింది భాగాన్ని తట్టి, "ఒరే, ఇక్కడ పలికేది రేకు కాదురా, లప్పం" అన్నారు. పెద్దవారి చాదస్తమనుకొన్నాను. 2011లో ఆయన కాలం చేశారు.

2019లో ఒక ఆదివారంనాడు చక్రం మార్చుదామని తలుపుల కింది అంచుకు జాకీ పెట్టి ఎత్తాను. చక్రం ఊడదీశాము. మా అబ్బాయి కిందికి చేయి పెట్టి, జారిపోయిన బోల్టు తీసుకొని చేయి వెనక్కు లాగాడో లేదో, అప్పడం విరిగినట్లు చప్పుడైంది. జాకీ రేకులోనికి దూసుకొనిపోయింది. బండి నేలమీద పడింది. రాలినదంతా రేకుపొడి, లప్పం పెచ్చులు. వాడి చేయి ఒక్క క్షణం అక్కడే వుండివుంటే యేమయ్యేదో, తలచుకొంటే ఈనాటికీ నాకు వొళ్లు జలదరిస్తుంది.

బండి అమ్మివేద్దామన్నాను. ఒక దళారి వచ్చి, మళ్లీ లప్పం పెట్టి రంగు కొట్టిస్తే పాతబండ్లంటే ముచ్చటపడేవారు మంచి ధర ఇస్తారని చెప్పాడు. నాకు ఆశ పుట్టిన మాట నిజం. మా ఆవిడ మటుకు, "తుక్కుకింద అమ్మితే అమ్మండి. మన పిల్లవాడి చేయి దక్కిందని సంతోషించి, మరొకరి పిల్లవాడి చేయి కింద దాన్ని పెట్టకండి" అన్నది. ఆ మాటతో బేరం ముగిసింది. నా చదువు మొదలైంది.

మొదట నేర్చుకొన్నది తుప్పు స్వభావం. గాలి, నీరు కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. సముద్రపు ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. తుప్పు తానున్న ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే రంగును పైకి నెట్టి బుడగ కట్టిస్తుంది. ఇంకొక సంగతి యేమంటే, కారు రేకు చాలావరకు లోపలినుంచి బయటికి చెడుతుంది. వానకాలంలో బురద చేరి, నీరు పోవలసిన చిన్న రంధ్రాలు పూడిపోతాయి. ముందరి అద్దం రబ్బరు ఎండి, నీరు లోనికి కారి, తివాచీ కింద మెత్త తడిసి నెలల తరబడి ఆరదు. పైకి గోరంత బుడగ కనిపించిందంటే లోపల అరచేయంత చిల్లు వుండవచ్చు.

ఈ ఫియట్ బండికి కింద విడిగా చట్రం లేదు. ఒళ్లే చట్రం. తలుపుల కింద ఈ చివరినుంచి ఆ చివరకు పెట్టెలాగ మడిచిన రేకు దూలం ఒకటి వుంటుంది. సిల్ అంటారు. మన మాటలో గడప అనవచ్చు. బండి బలంలో పెద్ద పాలు దానిదే. చెదలు తిన్న గడపకు పండుగనాడు పసుపు రాస్తే అందంగానే వుంటుంది గాని గడప గట్టిపడదు గదా! నేను కొట్టులో చేయించినది సరిగ్గా అదే. పైన పటారం, లోన లొటారం.

ఇక పరీక్ష. ఒక అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి రేకు వెంబడి జరుపుతూ పోవాలి. మంచి రేకుకు అతుక్కొంటుంది. లప్పం మందంగా వున్నచోట జారిపోతుంది. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవాలి. దిగబడితే అక్కడ రేకు లేదన్నమాట. నేను పొడిచిననాడు రెండు గడపలూ, డ్రైవరు కాళ్ల కింది నేలా పోయినట్లు తేలింది. ఆనాడు అన్నం సహించలేదు. కాని రోగమేదో తెలిసింది.

పైపైన కమ్మిన ఎర్రదుమ్ము అయితే తీగబ్రష్షుతో మెరుపు తేలేదాకా గీకి, ఫాస్ఫారికామ్లం వున్న ద్రావకం పూసి, ఆరిన పిదప ప్రైమరు వేస్తే చాలు. చిల్లుపడిన రేకుకు యే ద్రావకమూ పనికిరాదు. కోసివేయవలసిందే. ఎంతవరకు కోయాలి? చిల్లు అంచువరకు కాదు, మంచి రేకు తగిలి ఇంకొక అంగుళం దాటేదాకా. నేను తొలిసారి పిసినారితనం చేసి చిల్లు చుట్టూ మాత్రమే కోశాను. వెల్డింగు వేడికి పలుచబడిన అంచు కరిగిపోయి చిల్లు ఇబ్బడి అయింది.

గడప కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీలు బిగించి, మూలనుంచి మూలకు కొలతలు వ్రాసుకోవాలి. ఇది మరువరాదు. దూలం తీసిన ఇల్లు కుంగినట్లు బండి కుంగితే, తరువాత తలుపు పడదు. ఒక పక్క పూర్తి అయినాకనే రెండవ పక్క ముట్టుకోవాలి.

మాటు వేసే విధం చెబుతాను. ముందు అట్టముక్కతో అచ్చు కత్తిరించి, చోటులో పెట్టి సరిచూసుకొని, దాని ప్రకారం రేకు కత్తిరించాలి. నేలకు 20 గేజి రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం, వాడాను. గడపకు 18 గేజి, 1.2 మిల్లీమీటర్లది, రేకులు మడిచే కొట్టులో మడిపించాను. మాటు మూలలు గుండ్రంగా వుంచితే వేడికి తక్కువ వంకరపోతుంది. ఒక రేకుమీద ఇంకొకటి ఎక్కించి అతికితే మధ్య నీరు నిలిచి మళ్లీ తుప్పు పుడుతుంది. అంచుకు అంచు ఆనించి అతకడం కష్టమే గాని మంచిది.

పలుచని రేకుకు మిగ్ వెల్డింగు అనుకూలం. నేను 0.6 మిల్లీమీటర్ల తీగ వాడాను. ఒకే గీతగా లాగకూడదు. ఇక్కడొక చుక్క, దూరంగా అక్కడొక చుక్క వేసి, చల్లారనిచ్చి, మధ్యలు పూడ్చుకొంటూ రావాలి. ముగ్గు పెట్టే చేతికున్నంత ఓపిక కావాలి. మూడు నెలలు తుక్కు రేకులమీద సాధన చేసి నేల మాట్లు నేనే వేశాను. గడపలు మాత్రం అనుభవజ్ఞుడైన వెల్డరు చేత వేయించి, పక్కన నిలబడి పట్టుకొన్నాను. ప్రాణాలు మోసే దూలంమీద విద్య నేర్చుకోరాదు.

జాగ్రత్తలు కొన్ని. పెట్రోలు టాంకు ఊడదీసి దూరంగా పెట్టండి. బాటరీ తీగలు విప్పండి. తివాచీలు, మెత్తలు తీసివేయండి. బండి అడుగున పూసిన తారు అంటుకొంటుంది. మంటలార్పే సిలిండరు చేతికందేటట్లు వుంచుకొని, పని ముగిశాక ఇంకొక అరగంట అక్కడే కాపలా వుండండి. జింకుపూత రేకును అలాగే వెల్డింగు చేస్తే ఆ పొగకు జ్వరం వస్తుంది. అతుకు దగ్గర పూత అరగదీసి, గాలి ఆడేచోట, పొగను ఆపే మాస్కు కట్టుకొని చేయండి. పాత రంగులలో సీసం వుండవచ్చును గనుక తడిపి గీకండి, పిల్లలను దగ్గరకు రానీయకండి. జాకీని నమ్మి బండి కిందికి పోకండి. గట్టినేలమీద స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటిమీదికి దింపండి.

అతుకు పూర్తి అయినాక జింకు ప్రైమరు, అతుకుల సందులకు సీలరు, గడప లోపలికి మైనపు నూనె. నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకండి. అన్నిటికంటె చివర లప్పం. లప్పాన్ని నేను తిట్టటం లేదు. సరిచేసిన రేకుమీద ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎగుడుదిగుళ్లు సర్దటానికి అది మంచి వస్తువే. చిల్లును దాచటానికి వాడినప్పుడే అది అబద్ధమవుతుంది.

ఈ పనికి నాకు రెండేళ్లు పట్టింది. దళారి చెప్పిన ధరకంటె ఎక్కువే ఖర్చయింది. మెరుపుకూడా 2008లో వచ్చినంత రాలేదు. దగ్గరగా చూస్తే నా మాట్లు కనిపిస్తాయి. కాని గడపలు బిగించిననాడు నాన్నగారిలాగ వంగి వేలి కణుపుతో తట్టాను. ఖంగుమన్నది. ఆ చప్పుడు వినవలసిన మనిషి లేరు గదా అని మా ఆవిడ చూడకుండా కళ్లు తుడుచుకొన్నాను.

బండి ఈవేళ బయట వేపచెట్టు కింద నిలిపివుంచాను. పచ్చడి పుచ్చుకొన్నాక ఆసక్తి వున్నవారు రండి. రంగు చూడనక్కరలేదు. తలుపు కింద ఒకసారి తట్టి వినండి.

సెలవు.