మీటింగు హాలు ఎవరిది?

(హిమాయత్‌నగర్‌లో కార్యకర్తల సమావేశంలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ల నుంచి వచ్చిన మీరు ఈ హిమాయత్‌నగర్‌లో రెండు బోర్డులు చూసి ఉంటారు. ఒకటి మఖ్దూం భవన్, సీపీఐ ఆఫీసు. ఇంకోటి సత్యనారాయణరెడ్డి భవన్, ఏఐటీయూసీ ఆఫీసు. హాలంటే నాలుగు గోడలే కదా అనుకోవద్దు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే హుకుం ఉండేది. పర్మిషన్ లేకుండా సభ పెట్టరాదు. అటువంటి కాలంలో మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో పంతులు ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి పోయిండు. చిన్నప్పుడు మసీదు ఊడ్చి, నీళ్లు మోసి చదువుకున్న మనిషి. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెడితే దానికి ఆయనే అధ్యక్షుడు.

అంతకు ముందే మనోళ్లు కూడా కూడినారు. భాగ్యరెడ్డివర్మ 1911లో మాన్య సంఘం పెట్టిండు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఆ ఉద్యమం గుర్తే. కార్మిక హాళ్ల చరిత్ర చెప్పేటోళ్లు ఈ హాలును ఎందుకు మరుస్తరు?

మా నాయిన హమాలీ. యూనియన్ చందా రసీదులు ట్రంకు పెట్టెలో దాచుకునేటోడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండంగ ఒక సంఘం మీటింగుకు తీసుకపోయిండు. చాపలు పరిచింది ఆయనే, మడిచింది ఆయనే. స్టేజీ మీద మా వాడోళ్లు ఒక్కరు లేరు. ఎందుకని అడిగితే, "జెండా మోసేటోనికి కుర్చీ ఎందుకు బిడ్డా" అన్నడు. కానీ అబద్ధమాడను. దొర ముందర చెప్పులు చేతబట్టుకొని నిలబడే మా నాయినను 'గారు' అని పిలిచింది కూడా ఆ హాల్లోనే. కూలి పెరిగింది కూడా ఆ సంఘం వల్లనే.

అందుకే హాలును కాదనొద్దు, హాల్లో మన చోటు అడగాలె. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ చెప్పిందేమిటి? కార్మికునికి శత్రువులు ఇద్దరు: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం. ఒక్కనితో కొట్లాడి ఇంకొకన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే గెలుపు సగమే.

ఇప్పుడు మీ ఊరు సంగతి చూడండి. గుడి మండపంలో మన మీటింగు పెట్టనిస్తరా? మన వాడలో కమ్యూనిటీ హాలు ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గరున్నది? లోపల మనుషులున్నరా, ఎరువు బస్తాలున్నయా? తాళంచెవి మన సంఘం చేతికి రావాలె. మీటింగు జరిగిన ప్రతిసారీ రిజిస్టరు రాయాలె. రాయకపోతే మన చరిత్ర మళ్లీ ఇంకొకడు రాస్తడు. ఆడవాళ్లు వాకిట్లో కాదు, స్టేజీ మీద కూర్చోవాలె.

చాప పరిచినోళ్లే మైకు పట్టిన నాడు ఆ హాలు మనది. జై భీమ్!