మేలిముసుగు నకలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పగలు సాంచాల దగ్గర నిలబడేవాణ్ణి, సెలవునాడు కుంచె పట్టేవాణ్ణి. బొమ్మలను గురించి మాట్లాడడానికి నాకున్న యోగ్యత అంతే. పోయిన యేడు అభ్యాసం కోసం నూనెరంగులతో చేసిన వొక నకలు సంగతి మనవి చేస్తాను.

ఇటలీ చిత్రకారుడు ఫిలిప్పో లిప్పీ 1460 ప్రాంతంలో వ్రాసిన మేరీమాత బొమ్మ అది. అసలుది ఫ్లారెన్సులో, ఉఫీజీ ప్రదర్శనశాలలో వున్నది. ఇద్దరు దేవదూతలు పసివాణ్ణి యెత్తి పట్టుకుంటే తల్లి చేతులు జోడించి కూర్చుంటుంది. వొక దూత మనవైపు తిరిగి కొంటెగా నవ్వుతాడు. పుస్తకంలో చూసినప్పుడు నా కంటబడినది ఆ నవ్వు కాదు, తల్లి తలమీది మేలిముసుగు. ఆ పలుచదనాన్ని నేసేవాడి కన్ను వదలదు గదా!

మా పెదనాయన చూసి, "మార్కండేయ మహర్షి వుండగా పరాయి మతం బొమ్మ నీకెందుకురా? అందునా నకలు!" అన్నారు. "కూనపులివాళ్ల పటం మాత్రం నకలు కాదా పెదనాయనా?" అన్నాను. చేర్యాల నకాషీలు వ్రాసిన పటం చూపుతూ వాళ్లు మన కులపురాణం చెప్పేవారు. పటం చీకిపోతే కొత్తది వ్రాయించుకుని, పాతదానిని నీళ్లలో కలిపేవారు. అట్లా చేతినుండి చేతికి వచ్చినదే గదా అది! పెదనాయన బదులు చెప్పలేదు. మరునాడు బొమ్మకు కావలసిన కోరా గుడ్డ మాత్రం ఆయనే చింపి యిచ్చారు.

గుడ్డమీద నూనెరంగు నేరుగా వేస్తే కొన్నాళ్లకు నూలు చీకుతుంది. ముందు వజ్రం కాచి పూయాలి, దానిపైన తెల్లపూత వేయాలి. ఆ వజ్రం పూతను ఇంగ్లీషువారు సైజింగు అనే అంటారు. పడుగుకు గంజి పట్టించే మన భివండీ సైజింగు మాటే.

లిప్పీకి ముందుతరంవాడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో చిత్రకారుల కొక పుస్తకం వ్రాసినాడు. మంచి గురువు నొకణ్ణి యెంచుకుని నిత్యం ఆయన బొమ్మలే దించమన్నాడు. వాళ్లవి నూనెరంగులు కావు, కోడిగుడ్డు పచ్చసొనలో కలిపినవి. పడుచు ముఖాలకు పట్నపు కోడి సొన, ముసలి ముఖాలకు పల్లెకోడి సొన వాడమంటాడు. (మన భివండీ కోడి యే లెక్కలోకి వస్తుందో!) ముఖానికి అడుగున పచ్చమన్ను పూసి, పైన గులాబీ ఛాయ వేయాలి.

1899లో ఆ పుస్తకాన్ని ఇంగ్లీషు చేసిన క్రిస్టియానా హెరింగ్‌హామ్, ఇటలీ పాత బొమ్మలకు గుడ్డుసొనతోనే నకళ్లు వ్రాసి చేయి తిప్పుకున్నది. ఆ చేతితోనే 1909 - 1911 మధ్య అజంతాకు వచ్చింది. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోది; హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మద్ వచ్చి ఆమెతోపాటు నకళ్లు వ్రాసినాడు. అంతకుముందు బొంబాయి ఆర్టు స్కూలు గ్రిఫిత్సు శిష్యులచేత నూనెరంగులతో వ్రాయించిన అజంతా నకళ్లలో అనేకం 1885లో లండనులో కాలిపోయినవి. రంగులు బాగా కనబడాలని అసలు గోడలకే వార్నీషు పూసిన పాపమూ నకలుదార్లదే.

నా గోడుకు వస్తాను. ముఖం కుదిరింది, ముసుగు దగ్గర ఓడిపోయినాను. గుడ్డుసొన రంగు క్షణాల్లో ఆరుతుంది, గీత పక్కన గీత నిలుస్తుంది. నూనెరంగు రోజుల తరబడి ఆరదు. తడిమీద తెలుపు వేస్తే జుట్టు రంగుతో కలిసి బూడిదైంది. ఆ తల్లి నెత్తిన మాసిన తువ్వాలు కప్పినట్లయింది. గీరివేసినాను. మరుసటి సెలవునాడూ అంతే. ఇక తొందర మాని, జుట్టు ఆరేదాకా రెండు వారాలు బొమ్మను గోడకు తిప్పి పెట్టినాను. తరువాత దాదాపు పొడి కుంచెతో మడతల అంచులు మాత్రం తెలుపుతో తాకించినాను. ముసుగు వచ్చింది! లిప్పీ కూడా జుట్టంతా ముందు వ్రాసి, పైన అంచులే వ్రాసినాడని అప్పుడు తోచింది. నడుమ గుడ్డను చూసేవారి కన్నే నేసుకుంటుంది. పుస్తకం నూరుసార్లు చూసినా యిది నాకు తట్టలేదు.

బొమ్మను ద్వారం ప్రక్కన పెట్టినాము. చెవి దగ్గర చూడండి, పాత బూడిదరంగు యెంత గీరినా పోలేదు. పెదనాయన యిప్పుడు మార్కండేయ పటం దించమంటున్నారు. యెవరింటనైనా పాత పటం వుంటే నాలుగు రోజులు చూడనియ్యవలసిందని ప్రార్థన.