మంచం నుంచి కుర్చీకి
(జూజువాడి శాఖ సభ్యుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు గురించో, పనిభారం గురించో మాట్లాడుకోవడానికే మనం ఎప్పుడూ కూడుతుంటాం. పక్షవాతం వచ్చి ఇంటిపట్టున ఉన్న మనవాళ్ల గురించి ఈసారి మాట్లాడాలని ఆడవాళ్లు అడిగారు. న్యాయమైన కోరిక. ఒక మనిషికి కాలూ చెయ్యీ పడిపోతే ఆ ఇంట్లో రెండు కూలీలు పోతున్నాయి. ఆయనను లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి భార్య పని మానుకుంటోంది. ఆ కాస్త దూరం ఆయన సొంతంగా జరగగలిగితే ఆమె మళ్లీ షిఫ్టుకు వెళ్లే దారి దొరుకుతుంది. అందరికీ సాధ్యమని మేము అనం. ప్రయత్నమే చేయని ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి.

ఇద్దరు చేరి దూది బేలు ఎత్తినట్టు చంకల కింద చేతులు వేసి ఎత్తుతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ పడిపోయిన చెయ్యిని లాగితే భుజం కీలు జారుతుంది. ఎత్తేవాళ్ల నడుము పోతుంది. రోగి తన వంతు ప్రయత్నం మానేస్తాడు.

పద్ధతి చెబుతాం. కుర్చీని మంచి చేయి వైపు, మంచానికి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వెయ్యాలి. మిషను ఆపకుండా అందులో చెయ్యి పెట్టకూడదని మనకు ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. కాళ్ల పలకలు పక్కకు తిప్పెయ్యాలి. మంచం, సీటు ఒకే ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. నులక మంచం నడుమ గుంట పడి ఉంటుంది, చాప సంగతి చెప్పనే వద్దు. గట్టి బల్ల మంచం వేసి, కోళ్లు కూర్చునేలా గుంట తొలిచిన చెక్క దిమ్మెలు కింద పెట్టండి. ఇటుకలు వద్దు, జారతాయి.

రోగి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మంచి చేత్తో నొక్కి లేచి కూర్చోవాలి. తల తిరగవచ్చు, కాసేపు ఆగనివ్వండి. తర్వాత అంచుకు జరిగి, పాదాలు నేలకు ఆనించి, కాస్త వెనక్కి లాక్కోవాలి. అసలు కిటుకు ముందుకు వంగడంలో ఉంది. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత వంగితే లేవడం తేలిక. లేచాక మంచి చేత్తో కుర్చీ చేతిని పట్టుకుని, మంచి కాలి మీద మెల్లగా తిరిగి, సీటు కాళ్ల వెనుక తగిలాకే కూర్చోవాలి.

సాయం చేసేవాళ్లు బలహీనమైన వైపు నిలబడి, ఆ మోకాలు మడత పడకుండా తమ మోకాలితో అడ్డుకోవాలి. పట్టు నడుముకు కట్టిన బెల్టు మీద ఉండాలి. మీ మెడ పట్టుకోనివ్వకండి. ఎంత తక్కువైతే అంతే అందించండి. మొదట ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి, ఆయన సరే అన్నాకే ఇంట్లో చెయ్యండి. తిరిగి మంచం ఎక్కేటప్పుడు కుర్చీని తిప్పి పెట్టాలి, అప్పుడే మంచి చెయ్యి మంచం వైపు వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

కుర్చీ ఎక్కితే బతుకు అయిపోయినట్టేనని కొందరు అంటారు. రాయవేలూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం ఆమె కృషే. ఆమెది వెన్ను దెబ్బ, మనవాళ్లది మెదడు జబ్బు. అయినా కుర్చీలో కూర్చుని ఏం చేయవచ్చో ఆమె చూపించారు.

ఈఎస్ఐ మాట. మామూలు జబ్బు భత్యం ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. ఒక పక్క పడిపోయిన పక్షవాతం దీర్ఘరోగాల జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, చందా రోజులు సరిపోతే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు రావచ్చు. తెలియక 91 రోజులతో ఊరుకోకండి. ఇంటికే వచ్చి ఫిజియోథెరపీ చేసే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి పేరు రాయించండి.

వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసులో బల్ల మంచం, కుర్చీ వేసి ఇవన్నీ చేసి చూపిస్తాం. ఇంట్లో చూసుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు రావాలి. వచ్చేటప్పుడు మీ మంచం ఎత్తు, కుర్చీ సీటు ఎత్తు, కోడు మందం కొలుచుకుని చీటీ మీద రాసుకు రండి. దిమ్మెలు చెయ్యడానికి వడ్రంగిని పిలిచాం.