దరువు తప్పకూడదు, పద్దూ తప్పకూడదు
(విజయవాడలో కళాబృందాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటా పాటా మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. డప్పు మనది, గజ్జె మనది, గొంతు మనది. మరి మన బృందాలు ఎక్కడ విరిగిపోతున్నాయి? దరువు దగ్గర కాదు, డబ్బు దగ్గర.

ఉయ్యూరు నుంచి గుడివాడ దాకా, పామర్రు నుంచి బందరు దాకా పేటల్లో మనం చూస్తున్నదే ఇది. ఏప్రిల్ 14కి చందా ఎత్తుతారు. వ్యాను కిరాయి, మైకు సెట్టు, భోజనాలు పోను ఎంత మిగిలిందో ఒక్కడికే తెలుసు. వాడు తినకపోయినా తిన్నాడంటారు. బృందం రెండు జట్లవుతుంది. మనల్ని చీల్చడానికి ఊరి పెద్దలు కష్టపడక్కర్లేదు. లెక్కల పుస్తకం లేకపోతే చాలు.

"కాగితాలు మనకెందుకు, అవి కరణాల పని" అనేవాళ్ళున్నారు. తరతరాలుగా మనల్ని కాగితానికి దూరంగా ఉంచినవాళ్ళ మాటే అది. పాలేరు పద్దు కామందు రాశాడు, మనవాళ్ళు వేలిముద్ర వేశారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు దాన్ని 1860 నాటి సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించారు. ఉద్యమానికి కాగితం అడ్డమని ఆయన అనుకోలేదు.

మరి ఏం చెయ్యాలి?

మొదటిది, ఇంటి లెక్క. మూడు పుస్తకాలు పెట్టండి: జమాఖర్చులు, రసీదులు, తీర్మానాలు. రసీదుకి వరస నంబరుండాలి. ఎవరైనా బస్తా బియ్యం ఇచ్చినా రాయాలి. బ్యాంకు ఖాతా బృందం పేర ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి. నెలకోసారి ఆ లెక్క పేటలో అందరి ముందూ చదవండి. చదువురాని అవ్వకి కూడా అర్థం కావాలి. లెక్క అడగడం అనుమానం కాదు, హక్కు.

రెండోది, రిజిస్ట్రారు. మన రాష్ట్రంలో ఇప్పుడు నడిచేది 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురుంటే సంఘం పెట్టుకోవచ్చు. చాలామంది సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించి మర్చిపోతారు. ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, అయిన 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రారుకి చేరాలి. చేరకపోతే ఆఫీసులో పాతపేర్లే ఉంటాయి. చనిపోయిన అధ్యక్షుడు అక్కడ బతికే ఉంటాడు, ఇవాళ డప్పు కొట్టే పిల్లలు మాత్రం ఉండరు. రేపు తగాదా వచ్చినా, బ్యాంకులో సంతకాలు మార్చాలన్నా కాగితంలో పేరున్నవాడిదే మాట. 2022లో జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు మీ కాగితాలు ఏ ఆఫీసులో ఇవ్వాలో ముందే కనుక్కోండి.

మూడోది, ఆదాయపు పన్ను. సంఘం పేర పాన్ కార్డు తీసుకోండి. "మాకు లాభం లేదుగా, పన్నేంటి?" అంటే కుదరదు. ధర్మసంస్థగా మినహాయింపు కావాలంటే ఆ శాఖ దగ్గర విడిగా నమోదు కావాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నమోదు శాశ్వతం కాదు, గడువు తీరేలోపు మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. రాబడి చట్టం పెట్టిన హద్దు దాటితే ఆడిటూ, రిటర్నూ తప్పవు. విరాళానికి పన్ను రాయితీ ఇచ్చే అనుమతి మీకున్నా, 2,000 రూపాయలు మించి రొక్కంగా ఇస్తే దాతకి ఆ రాయితీ రాదు.

నాలుగోది, పైదేశం డబ్బు. గల్ఫులో పనిచేసే మన పిల్లవాడు భారత పౌరుడే అయితే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం విదేశీ విరాళమే. 2010 చట్టం కింద అనుమతి లేకుండా పది రూపాయలైనా పుచ్చుకోకండి. బృందం నోరు నొక్కాలనుకునేవాడికి ఆ పది రూపాయలు చాలు.

ఆడిటరు ఫీజెక్కడిది అంటారు. నాలుగు బృందాలు కలిసి ఒక ఆడిటరుని పెట్టుకోండి. బి.కాం. చదివిన మన పిల్లలకి పుస్తకాలు అప్పజెప్పండి. మేం బళ్ళో పిల్లలకి చెప్పే కూడికలూ తీసివేతలే ఇక్కడా కావాలి.

చివరిగా ఒక్క మాట. కూలి మానుకుని వచ్చిన కళాకారుడికి ఇచ్చిన డబ్బు తప్పకుండా పేరుతో రాసి సంతకం తీసుకోండి. చావుకీ జాతరకీ మన తాతల చేత వెట్టిగా డప్పు కొట్టించారు. ఆ దెబ్బలకి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు. మన పుస్తకంలో మనవాడి కష్టానికి పద్దు ఉండాలి.

జై భీం!